పటిక తాగిన బూడిద

ముంజులపాడు,
12 నవంబరు 1999

ఫౌజీ,

కవరు విప్పేటప్పుడు జాగ్రత్త. లోపల కాగితం పొట్లంలో సున్నం పెచ్చు ఒకటి పెట్టాను. దారిలో నలిగి పొడైపోయి ఉంటే ఆ పొడినే కిటికీ దగ్గర పెట్టుకుని చూడు. ఏ రంగులో ఉందో నువ్వే చెప్పు. నేను చెప్తే దీవెన ఎప్పుడూ గోరంత దాన్ని కొండంత చేస్తుందంటావు.

అది మా నాన్న సమాధి మీది సున్నం. పోయిన ఈస్టరుకి ముందురోజు ఎప్పటిలాగే పేటలో అందరం మా మా సమాధులకి సున్నాలు వేసుకున్నాం. సున్నం రాళ్ళు మా చెరువు నీళ్ళలోనే నానేశాం. వేసేటప్పుడు తెలియలేదు. మర్నాడు తెల్లారే కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తే సమాధుల దొడ్డి మొత్తం లేత వంకాయ రంగులో ఉంది. మా అమ్మ ఏడుస్తూ ఇంటికి పరిగెత్తి ఇంకో పూత వేసింది. అది ఇంకా ముదిరింది.

ఇన్ని నెలలూ నీకు రాయలేదు. రాస్తే తిట్లే వస్తాయని ఊరుకున్నాను. మీ షెడ్డులో గుడ్డలు ఉతికీ ఉతికీ మా నాన్న చేతులు బతికున్నన్నాళ్ళూ ఎర్రగానే ఉండేవి. అన్నం కలుపుకుంటుంటే చూసేదాన్ని. పోయాక కూడా ఆ రంగు ఆయన్ని వదల్లేదంటే నాకు కడుపు మండిపోయింది.

సంగతి నీకు తెలియంది కాదు. మీ అద్దకం షెడ్డులో ఎర్రరంగు ఉడకబెట్టిన కాగు నీళ్ళు వెనకాల పిల్లకాలువ బోదెలోకి వదులుతారు. ఆ బోదె నీళ్ళే మా పేట మంచినీళ్ళ చెరువుకి వస్తాయి. పెద్ద కాలువకి నీళ్ళు కట్టేసే ముందు చెరువు నింపుకుంటే వేసవంతా అవే తాగాలి, అవే వండుకోవాలి. మీ నాన్నగారి కాలంలో ఒక్క కాగు. ఇప్పుడు మీ అన్నయ్య కరిముల్లా నాలుగు పెట్టాడు. డ్రెయిన్‌లోకి మళ్ళిస్తే కింద రొయ్యల చెరువుల వాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు. చెరువు నింపే రోజుల్లో కాగులు ఆపినా లాభం లేకపోయింది. బోదె మట్టే ఎర్రగా నానిపోయింది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద లాజరు బాబాయి అందరినీ కూర్చోబెట్టాడు. షెడ్డు మూయించమని సబ్ కలెక్టరుగారికి అర్జీ పెడదామన్నారు. అర్జీ రాసింది నేనే. ఇంకెవరో చెప్తే నీకు తెలియడం ఇష్టంలేక నేనే చెప్తున్నాను. కానీ పంపకుండా ఈసారి చెరువు నింపేదాకా ఆగమని అడిగాను. "ఆగుతాం, ఈసారీ సున్నం రంగు తేలితే మాత్రం ఆ షెడ్డు ఉండదు" అన్నాడు బాబాయి.

షెడ్డు మూస్తే ముందు పొయ్యి ఆరేది మా ఇంట్లోనే. అమ్మ ఇప్పటికీ అక్కడే ఉతుకుతోంది. పేటలో సగం మంది ఆడవాళ్ళు అక్కడే. అందుకే నిన్ను అడుగుతున్నా. మూడేళ్ళుగా రంగునీళ్ళ మీదే పరిశోధన అంటున్నావు కదా, మా నీళ్ళకి ఏమైనా చెయ్యగలవా? ఫోన్ చెయ్యకు, అది మీ అన్నయ్య బల్ల మీద ఉంటుంది.

నీ మీద కోపంగా, నీ మీదే ఆశగా,
దీవెన

*

విజయవాడ, తారాపేట,
24 నవంబరు 1999

దీవెనా,

పొడే అయింది. తెల్లకాగితం మీద పోసి చూశాను. వంకాయ రంగే. నువ్వు కొండంత చెయ్యలేదు.

నిజం చెప్పనా, అర్జీ మాట చదవగానే ఉత్తరం మడిచి పెట్టె కింద పడేశాను. బందరు కాలేజీ హాస్టల్లో ఒకే పళ్ళెంలో తిన్నాం, మా అన్నయ్య మీద అర్జీ రాసి మళ్ళీ నాకే చెప్తుందా అనుకున్నాను. మూడు రోజులు అలిగాను. తర్వాత మీ నాన్న, ఏసుపాదం బాబాయి చేతులు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు ఆ చేతులతోనే నన్ను ఎత్తుకుని కాగులోకి చూపించేవాడు. నా కోపం నిలబడలేదు.

ఇప్పుడు విను. నా దగ్గర మందు ఉంది. గొప్పలు అనుకుంటే అనుకో. రైసు మిల్లుల్లో ఊక తగలేస్తారు చూడు, ఆ బూడిదని బండ్లకి ఎత్తి రోడ్డు పక్కన పారబోస్తారు. పూర్తిగా కాలి తెల్లబడింది కాదు, సగం కాలి నల్లగా ఉండేది కావాలి. దానికి కంటికి కనపడని బెజ్జాలు లక్షల్లో ఉంటాయి. రంగు వెళ్ళి వాటి గోడలకి అంటుకుంటుంది. ల్యాబులో సిరాలాంటి నీలిరంగు నీళ్ళు పోసి చెంచాడు బూడిద వేసి కాసేపు కలిపితే, కిందికి తేరిన నీళ్ళు మంచినీళ్ళలా ఉన్నాయి. మా సారే రెండుసార్లు గాజుగొట్టం పైకెత్తి చూశారు. రంగు పీల్చడానికి బజార్లో అమ్మే ఖరీదైన బొగ్గుకి ఇది ఏమాత్రం తీసిపోదు.

షెడ్డు వెనకాల రెండు సిమెంటు వరలు దింపుదాం. అడుగున కంకర, పైన ఇసుక, దానిమీద బూడిద. కాగు నీళ్ళు వాటిలోంచి దిగి తేటగా బోదెలో పడతాయి. సంక్రాంతిలోపు ఇది పనిచేస్తే బోదె మట్టి తీయించడానికి వ్యవధి ఉంటుంది. అన్నయ్యని నేను ఒప్పిస్తాను. మామూలుగా అయితే అన్నం మానేస్తానని బెదిరిస్తాను, ఈసారి రంజాన్ నెల వస్తోంది, ఉపవాసాల్లో నా బెదిరింపుకి విలువ ఉండదు. పండక్కి వస్తున్నాను. మీ అమ్మకి, రావమ్మ పిన్నికి చెప్పు, ఈ ఈస్టరుకి సున్నం తెల్లగానే ఉంటుంది. నాదీ పూచీ.

నీ అర్జీని ఓడించబోయే
ఫౌజియా

*

ముంజులపాడు,
14 జనవరి 2000

ఫౌజియాగారికి,

గారు ఎందుకు పెట్టానో కింద చదివితే అర్థమవుతుంది.

నువ్వు వరలు దింపించి, బూడిద పరిపించి, కాలేజీ తెరుస్తారని బస్సెక్కావు. మర్నాడు పొద్దున్నే పేట పేటంతా షెడ్డు వెనక్కి వచ్చింది. పిల్లలు గట్టెక్కి కూర్చున్నారు. మీ అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. కాగు నీళ్ళు వదిలారు. పైన ఎర్రగా పోస్తే కింద గొట్టంలోంచి వంకాయ రంగులో వచ్చాయి. అవునమ్మా, ముదురు వంకాయ. పైగా బూడిద మడ్డి కూడా కలిసి. కొంచెం ఓపిక పట్టండి, మొదట అలాగే వస్తుందన్నాను. నాకేం తెలుసని అన్నానో! మధ్యాహ్నం దాకా అలాగే వచ్చింది.

లాజరు బాబాయి "విజయవాడ చదువు ఎరుపుని నలుపు చేసింది" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. మీ అన్నయ్య లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఊరి ముందు తలదించుకోవాల్సి వచ్చిందని అతని బాధ. మా అమ్మ అయితే బూడిద మడ్డిలో కాళ్ళు పెట్టుకుని ఆ గొట్టం వైపే చూస్తూ నిలబడింది. నువ్వు పూచీ పడ్డావని నేనే ఆమెకి చెప్పాను కదా.

ఒక్క రోజు ఆగలేకపోయావా? తప్పిందనే దానికంటే, ఆ గొట్టం దగ్గర నువ్వు లేవన్నదే నాకు ఎక్కువ మంటగా ఉంది. జవాబు రాయి.

దీవెన

*

విజయవాడ,
30 జనవరి 2000

ప్రియమైన దీవెనకు,

నీ ఉత్తరం అందింది. ఆలస్యానికి మన్నించు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

ల్యాబులో నేను వాడిన నీలిరంగు, షెడ్డులోని ఎరుపు వేరు వేరు స్వభావం గలవి. బూడిదకీ నీలిరంగుకీ ఒకదాన్నొకటి లాక్కునే గుణం ఉంది. ఎరుపుకి అది లేదు. ఈ విషయం మీద ఇంకా చాలా పరిశీలన చెయ్యవలసి ఉంది. ఏడాది పైనే పట్టవచ్చు. ఈ వేసవికి షెడ్డు మూసి ఉంచమని అన్నయ్యకి రాస్తాను. అందరికీ అదే మంచిది.

పిన్నిని అడిగానని చెప్పు.

ఫౌజియా

*

ముంజులపాడు,
6 ఫిబ్రవరి 2000

ఫౌజీ,

ఇది నువ్వు రాసిన ఉత్తరం కాదు. ఆఫీసువాళ్ళు పంపిన జవాబులా ఉంది. రెండుసార్లు చదివి, కింద నీ సంతకమే ఉందా అని చూసుకున్నాను.

షెడ్డు మూయించడానికి నువ్వెందుకు? నా అర్జీ చాలదూ? వేసవంతా మూస్తే మా అమ్మ, మిగతా ఆడవాళ్ళు ఏం తిని నీళ్ళు తాగాలి? "అందరికీ అదే మంచిది" అనే మాట ఎప్పుడూ అక్కడ లేనివాళ్ళే అంటారు.

నీకు సిగ్గేసింది. అంతే కదా. చెప్పడానికేం? ఇంటర్లో లెక్కలు తప్పినప్పుడు నేను నీ దగ్గర దాక్కున్నానా? చూరు పట్టుకుని ఏడ్చాను. నువ్వు నన్ను ఏడవనిచ్చి, మళ్ళీ పుస్తకం ముందు కూర్చోబెట్టావు. ఇప్పుడు నా వంతు. కూర్చో. కాలువ కట్టెయ్యడానికి ఇంకా రెండు నెలలుంది. వరలు అలాగే ఉన్నాయి. మీ అన్నయ్య పీకించేస్తానంటే మా అమ్మ అడ్డం నిలబడింది. "మీ చెల్లెలు వచ్చి పీకమంటే పీకుదాం బాబూ" అంది.

దీవెన

*

విజయవాడ,
17 ఫిబ్రవరి 2000

దీవెనా, దీవెనా,

నన్ను ముందు తిట్టు, తర్వాత చదువు.

అవును, సిగ్గేసింది. పిన్ని ఆ మడ్డిలో నిలబడిందని చదివాక ల్యాబుకి వెళ్ళబుద్ధి కాలేదు. మా సారు కూడా "ఆ ఎరుపు గొడవ నీకెందుకమ్మా, నీలిరంగు లెక్కలు సరిపోతాయి, రాసేసి డిగ్రీ తీసుకో" అన్నారు. తీసేసుకుందామనే అనుకున్నాను. ఆ చల్లారిన ఉత్తరం అప్పుడు రాసిందే.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, ఇక్కడ నేనుంటున్న ఇంట్లో మా పిన్నమ్మ మంచం మీద దుప్పటి మార్చింది. మన షెడ్డు దుప్పటే, తెల్లటి నేల మీద ఎర్ర పూలు. దాని మీద కూర్చుని ఊరికే చూస్తున్నా. ఆ గుడ్డ మొత్తం ఎర్రటి కాగులోనే కదా ఉడికింది? మరి తెల్లటి నేల తెల్లగా ఎలా మిగిలింది? నీకూ తెలుసు, నాకూ తెలుసు, మన ఊళ్ళో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. అచ్చుతో పటిక అద్దిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. పటిక లేని చోట ఎంత ఉడికినా ఉతికితే పోతుంది. మధ్యలో పటిక ఉంటేనే గుడ్డా ఎరుపూ చెయ్యీ చెయ్యీ కలుపుతాయి.

మనం పోసిన బూడిద పటిక అద్దని గుడ్డే! దాని మీద ఎరుపు ఎందుకు నిలుస్తుంది? అద్దకం ఇంట్లో పుట్టినదాన్ని, ల్యాబు తలుపు దాటగానే ఇల్లు మర్చిపోయాను. ఆ నీలిరంగుకి పటిక అక్కర్లేదు, దాంతో నాకు గుర్తే రాలేదు.

ఇంకో సంగతి. వంకాయ రంగు. బూడిదలో సున్నంలాంటి క్షారం ఉంటుంది. మన ఎరుపు క్షారంలో పడితే వంకాయ రంగుకి తిరుగుతుంది. సమాధుల మీద సున్నం తిరిగినట్టే. నువ్వు మొదటి ఉత్తరంలోనే పొట్లం కట్టి పంపావు. నేను పొడి చూసి జాలిపడ్డానే తప్ప ఎందుకని అడగలేదు.

ఇక్కడ ఈ వారమంతా చేసి చూశాను. ఊళ్ళో నీళ్ళతో, ఊళ్ళో బూడిదతో నువ్వు చేస్తేగానీ నేను నమ్మను. ఒకసారి పూచీ పడ్డది చాలు, ఈసారి పడను. ఇలా చెయ్యి. బూడిదని చెరువు నీళ్ళతో కాదు, బోరు నీళ్ళతో కడుగు. కడిగిన నీళ్ళు వేళ్ళ మధ్య రుద్దితే జారుడుగా లేకుండా అయ్యేదాకా కడుగు. తర్వాత షెడ్డులో పటిక తొట్టి ఉంది కదా, ఆ నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి ఎండబెట్టు. ఆవకాయ జాడీ ఒకదానిలో మామూలు బూడిద, ఒకదానిలో పటిక తాగిన బూడిద వేసి రెంటిలోనూ కాగు నీళ్ళు పోసి కలుపు. ఎవరినీ పిలవకు. నువ్వూ పిన్నీ చూడండి చాలు.

నన్ను కూర్చోబెట్టావు. కూర్చున్నాను.

ఫౌజీ

*

ముంజులపాడు,
6 మార్చి 2000

ఒసేయ్ ఫౌజీ,

ఆవకాయ జాడీలు పాడుచేసినందుకు మా అమ్మ నిన్ను ముందు రెండు అంటించమంది. అంటించానని అనుకో.

పటిక జాడీలో నీళ్ళు తేటగా తేరాయి! ఒక్కసారి చేసి నమ్మలేదు. మళ్ళీ చేశాను. ఈసారి అమ్మ చేసింది. పటిక లేని జాడీ వంకాయ, పటిక జాడీ లేత టీ రంగు, ఆ తర్వాత నీళ్ళ రంగు. అడుగున బూడిద మాత్రం ఎర్రటి మట్టిలా అయింది. అమ్మ దాన్ని వేళ్ళతో నలిపి, "పట్టుకుందే, ఇంక వదలదు" అంది. ఇరవై ఏళ్ళుగా రంగు పట్టిందో లేదో ఆమె అలాగే చూస్తుంది.

మీ అన్నయ్య దగ్గరికి జాడీలు పట్టుకుని నేనే వెళ్ళాను. ముందు మొహం తిప్పుకున్నాడు. ఊరి ముందు ఇంకోసారి నవ్వులపాలు కాలేనన్నాడు. "పోనీ అన్నా, పాడైపోయిన పటిక నీళ్ళు ఎటూ పారబోస్తారు కదా, అవే బూడిద మీద పారబొయ్యండి, ఎవరూ నవ్వరు" అన్నాను. జాడీ ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి, "దీనికి అద్దకం చెయ్యాలని మా చెల్లికి ఇన్నాళ్ళకి తట్టిందా?" అని నవ్వాడు. ఫౌజీ, అతను నవ్వి ఎన్ని నెలలైందో.

వరల్లో పాత బూడిద తీసేశాం. కొత్తది కడగడానికి మూడు రోజులు పట్టింది. షెడ్డులో ఆడవాళ్ళంతా చేతులు వేశారు. పటిక పట్టించి చాపల మీద ఆరబోశాం, అప్పడాలు ఆరేసినట్టు. ఇప్పుడు కాగు నీళ్ళని రాత్రంతా తొట్టిలో చల్లారనిచ్చి, సన్నగా వదులుతున్నాం. తేటగానే వస్తున్నాయి. కానీ ఎనిమిదో రోజుకి మళ్ళీ రంగు కనబడింది. నాకు గుండె ఆగినంత పని అయింది. బూడిద నిండిపోయినట్టుంది, ఇంక దానికి చోటు లేదు. ఏం చెయ్యాలి?

బోదె మట్టి తీయిస్తున్నారు. లాజరు బాబాయి వచ్చి చూసి వెళ్ళాడు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. "సున్నం చెప్తుంది" అన్నాడంతే.

దీవెన

*

విజయవాడ,
13 మార్చి 2000

దీవెనా,

గుండె ఆపుకోకు. బూడిద నిండడం దాని ధర్మం. అన్నం తిన్నవాడు చాలంటాడు కదా, అలాగే. రెండు వరలున్నాయి. ఒకదానిలోంచి వచ్చిన నీళ్ళు రెండోదానిలోకి వెళ్ళేలా గొట్టం మార్చండి. మొదటిదానిలో రంగు కనబడగానే దాని బూడిద తీసి కొత్తది వెయ్యండి. అప్పుడు దాన్ని రెండోదిగా వాడండి. తీసిన ఎర్ర బూడిద మాత్రం బోదె గట్టున పొయ్యొద్దు, వాన పడితే మళ్ళీ మొదటికి వస్తుంది. సిమెంటులో కలిపి ఇటుకలు పోయించమని అన్నయ్యకి రాశాను.

ఒక మాట గట్టిగా చెప్తున్నా, లాజరు బాబాయికి కూడా చదివి వినిపించు. రంగు పోయినంత మాత్రాన అవి తాగే నీళ్ళు కావు. కంటికి కనపడనివి ఇంకా ఉంటాయి. చెరువు నింపే పది రోజుల ముందునుంచీ కాగులు ఆపాల్సిందే, తేటనీళ్ళు కూడా బోదెలోకి రాకూడదు. మట్టి తీశాక కాలువలోంచి వచ్చే మొదటి నీళ్ళతో బోదె కడిగి వదిలెయ్యండి, రెండో నీళ్ళే చెరువుకి పెట్టండి. ఆ పది రోజులూ ఆడవాళ్ళకి అచ్చుల పని ఇస్తానని అన్నయ్య ఒప్పుకున్నాడు.

నీకు చెప్పని సంగతొకటి. నీలిరంగు పక్కనపెట్టి, పటిక బూడిదనే నా పరిశోధనగా రాస్తానని సారుకి చెప్పాను. ఇంకో ఏడాది పైగా పడుతుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మొండిదానివి" అన్నారు. తిట్టో మెప్పో తేల్చుకోలేకపోయాను. నాకు భయంగానే ఉంది. అయినా చెరువు నింపే రోజుకి నేను ఆ గొట్టం దగ్గర ఉంటాను. ఈసారి బస్సెక్కను.

ఫౌజీ

*

ముంజులపాడు,
26 ఏప్రిల్ 2000

ఫౌజీ,

మాట నిలబెట్టుకున్నావు. చెరువు నిండేదాకా మోకాలి లోతు బోదెలో నిలబడి, నీ సీసాల్లో నీళ్ళు పట్టుకుని, బురద చీరతో బస్సెక్కావు. ఆ తర్వాతది నువ్వు చూడలేదు, అందుకే వెంటనే రాస్తున్నా.

శనివారం సున్నం నానేశాం. బందరు నుంచి మంచినీళ్ళు తెప్పిద్దామని ఒకరిద్దరు అన్నారు. లాజరు బాబాయి వద్దన్నాడు. చెరువు నీళ్ళే పోశాడు, తన చేత్తో. పూతలు వేశాం. తడిమీద అన్నీ ఒకేలా ఉంటాయి, ఆరితేగానీ తెలియదు. ఆరేదాకా చూడలేక ఇంటికి వచ్చేశాం.

ఆదివారం తెల్లారగట్ల కొవ్వొత్తులతో వెళ్ళాం. ఆ వెలుతుర్లో ఏదైనా పచ్చగానే కనబడుతుంది. నాన్న సమాధి దగ్గర అమ్మ కూర్చుని పూర్తిగా పొద్దెక్కేదాకా లేవనంది. పొద్దెక్కింది. తెల్లగా ఉంది, ఫౌజీ. అమ్మ అరచెయ్యి దానికి ఆనించి, తీసి, చూసుకుంది. "ఇన్నాళ్ళకి కడుక్కున్నాడే మీ నాన్న" అంది. నేను అక్కడే భోరున ఏడ్చేశాను. దాచుకోవడం దేనికి, నువ్వే గుర్తొచ్చావు.

లాజరు బాబాయి ప్రతి సమాధీ వంగి వంగి చూశాడు. మూల ఉన్న రెండింటి మీద కాస్త లేత రంగు ఉంది. అవి తూములో మిగిలిన మొదటి నీళ్ళతో వేసినవని తేలింది. మిగతావన్నీ తెలుపే. అప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఆ అర్జీ ఏం చేద్దాం?" అన్నాడు.

చించెయ్యలేదు. నీ మీద ప్రేమ ఉంది కాబట్టే నిజం రాస్తున్నా. బీరువాలో బట్టల అడుగున పెట్టాను. బూడిద మార్చడం మీ అన్నయ్య ఎన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటాడో నాకు తెలియదు. ప్రతి ఈస్టరుకీ మా నాన్నకి సున్నం వేస్తాను. తెల్లగా ఉన్నన్నాళ్ళూ ఆ అర్జీ అక్కడే ఉంటుంది. నీకు కష్టంగా ఉంటే చెప్పు.

కవరులో పొట్లం ఉంది. నలగకుండా అట్టముక్క అడ్డం పెట్టాను.

నీ దీవెన

*

విజయవాడ,
4 మే 2000

దీవెనా,

పెచ్చు నలగకుండా వచ్చింది. కిటికీలో పెట్టాను.

అర్జీ చించకు. పైన తేదీ మాత్రం ఖాళీగా ఉంచు. నేను ఊరు వచ్చినప్పుడు బీరువా తియ్యి, కింద నా సంతకం కూడా పెడతాను.

ఫౌజీ